ఫ్యూ, ఎ ఫ్యూ: ఒక ఎకారం, ఒక ఏకారం

ఇంగ్లీషులో కొద్దిపాటి సంఖ్యను చెప్పే మాటలు చాలానే ఉన్నాయి గాని, తెలుగువాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది 'ఫ్యూ', 'ఎ ఫ్యూ' అనే జంట. రెండూ లెక్కపెట్టడానికి వీలైన వాటికే వస్తాయి. రెండిటి తర్వాతా నామవాచకం బహువచనంలోనే ఉంటుంది. తెలుగులో చెప్పమంటే రెండిటికీ 'కొన్ని', 'కొందరు' అన్న జవాబే వస్తుంది. తేడా అంతా ముందు నిలిచే 'ఎ' దగ్గర ఉంది. అది ఉంటే మాట 'ఉన్నాయి' వైపు మొగ్గుతుంది, లేకపోతే 'లేవు' వైపు. లెక్కకు అందని ఉప్పు, ఓపిక, సమయం లాంటి వాటికి ఇదే పనిని 'లిటిల్', 'ఎ లిటిల్' చేస్తాయి.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఈ జంటకు ఉన్నంత గిరాకీ హైదరాబాద్‌లో మరెక్కడా ఉండదేమో. ముసారాంబాగ్ దాటితే చాలు, బ్యాంకు పరీక్షలు, స్టాఫ్ సెలక్షన్, గ్రూప్స్, పోలీసు ఉద్యోగాలు, స్పోకెన్ ఇంగ్లీషు అంటూ అంతస్తుకో బోర్డు. వెనక సందుల్లోకి తిరిగితే హాస్టళ్లు, మెస్సులు, జిరాక్స్ షాపులు. విజయవాడ హైవే, సాగర్ రోడ్డు రెండూ ఎల్బీనగర్ దగ్గరే నగరంలోకి వస్తాయి కాబట్టి నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు పిల్లలకు బస్సు దిగీ దిగగానే తగిలే చదువుల అడ్డా ఇదే. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట – ఎల్బీనగర్ మెట్రో నడవడం మొదలయ్యాక అమీర్‌పేటలో క్లాసు, చైతన్యపురిలో గది అనే ఏర్పాటుకూ వీలు చిక్కింది. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లలో చాలామందికి లెక్కలు, రీజనింగ్ కన్నా ఇంగ్లీషు సెక్షనే గండం. ఆర్టికల్స్ పాఠం అయీ అవగానే 'ఫ్యూ, ఎ ఫ్యూ, ది ఫ్యూ' అని మూడు వరసలు బోర్డు మీదికి ఎక్కుతాయి.

ఆ క్లాసుల్లో తరచూ వినబడే వాక్యం ఒకటుంది: 'సార్, ఐ హావ్ ఫ్యూ డౌట్స్.' తనకు కొన్ని సందేహాలున్నాయి, తీర్చండి అని విద్యార్థి ఉద్దేశం. ఇంగ్లీషు ఇంటిభాషగా పెరిగినవారి చెవికి మాత్రం ఇది 'నాకు పెద్దగా సందేహాలేమీ లేవు' అని వినిపిస్తుంది. సంతోషం అని వాళ్లు తల ఊపి వెళ్లిపోయినా వెళ్లిపోతారు. దీనికి తోడు 'డౌట్' అంటే మనకు అడగాల్సిన ప్రశ్న. వాళ్లకు అనుమానం, నమ్మకం లేకపోవడం. ఐదు మాటల వాక్యంలో రెండు మాటలు దారి తప్పించేవే.

సీట్లు నాలుగే

ఫ్యూ అంటే ఎన్ని, ఎ ఫ్యూ అంటే ఎన్ని అని అడిగితే జవాబు లేదు. ఫ్యూ చిన్న సంఖ్య, ఎ ఫ్యూ దానికన్నా కాస్త పెద్ద సంఖ్య అని కొన్ని గైడ్లు చెప్పే మాట సరికాదు. రెండూ ఒకే సంఖ్యకు వర్తించవచ్చు.

ఎల్బీనగర్ మెట్రో రెడ్ లైన్‌కు ఒక కొస. మియాపూర్ వెళ్లే రైలు ఇక్కడే బయల్దేరుతుంది. ఉదయం ఆఫీసుల వేళ ఒక పెట్టెలో నాలుగు సీట్లు ఖాళీగా ఉన్నాయనుకుందాం. లోపల కూర్చున్నామె చైతన్యపురిలో ఎక్కాల్సిన స్నేహితురాలికి ఫోన్ చేసి 'దేర్ ఆర్ ఎ ఫ్యూ సీట్స్' అంటే ఈ రైలే ఎక్కు, చోటుంది అని. 'దేర్ ఆర్ ఫ్యూ సీట్స్' అంటే ఆశ పెట్టుకోకు, వెనక రైలుకు రా అని. సీట్లు అవే నాలుగు. మారింది చెప్పేవారి ఉద్దేశం. వంద మంది బ్యాచ్‌లో ఐదుగురే క్లాసుకు వస్తే 'ఫ్యూ'. ఎవరూ రారనుకున్న దీపావళి మర్నాడు అదే ఐదుగురు వస్తే 'ఎ ఫ్యూ'. ఎంతమంది ఉన్నారన్నదాని కన్నా ఎంతమంది ఉంటారనుకున్నాం అన్నదే ఇక్కడ లెక్క.

ఈ తేడాను పట్టించే పరీక్షలు వ్యాకరణంలోనే ఉన్నాయి. వాక్యం చివర తగిలించే చిన్న ప్రశ్న వీటిలో తేలికైనది. 'ఎ ఫ్యూ పీపుల్ కేమ్' తర్వాత 'డింట్ దే?' అని వస్తుంది, మామూలు అస్తి వాక్యానికి వచ్చినట్టే. 'ఫ్యూ పీపుల్ కేమ్' తర్వాత 'డిడ్ దే?' అని వస్తుంది. అంటే పైకి 'నాట్' ఎక్కడా కనబడకపోయినా ఇంగ్లీషు ఈ వాక్యాన్ని వ్యతిరేకార్థకంగానే చూస్తోందన్నమాట. 'ఎనీ', 'ఎవర్' లాంటి మాటలు కూడా ఫ్యూతో హాయిగా కలుస్తాయి, ఎ ఫ్యూతో కలవవు. లిటిల్ వాక్యం మొదటికి వస్తే క్రియ తలకిందులవుతుంది: 'లిటిల్ డిడ్ హి నో' అంటే అతనికి ఏమాత్రం తెలియదు అని. 'నెవర్'తో మొదలయ్యే వాక్యాలకు పట్టే గతే దీనికీ పడుతుంది.

వీటి చుట్టూ చేరే చిన్న మాటల సంగతి మరీ చిత్రం. 'వెరీ ఫ్యూ' అనవచ్చు, 'వెరీ ఎ ఫ్యూ' అనకూడదు. 'ఓన్లీ' వస్తే 'ఎ' తప్పనిసరి: 'ఓన్లీ ఎ ఫ్యూ'. అలా కలిశాక దాని అర్థం మళ్లీ ఫ్యూ దగ్గరికే చేరుతుంది. 'క్వైట్ ఎ ఫ్యూ' అంటే కొన్ని కాదు, చాలానే అని. 'నాట్ ఎ ఫ్యూ' అన్నా చాలానే. వీటికి తర్కం వెతికి లాభం లేదు, అలవాటు చేసుకోవాల్సిందే.

లోపల ఉన్నవాళ్లు, బయట మిగిలినవాళ్లు

1980ల్లో గ్లాస్గో విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రజ్ఞులు లిండా మాక్సీ, ఆంథొనీ శాన్‌ఫర్డ్ ఈ మాటలను మనుషుల మీద పరీక్షించి చూశారు. ఎంతమంది వచ్చారో ఫ్యూ, ఎ ఫ్యూ లాంటి పరిమాణవాచకంతో చెప్పే వాక్యం ఒకటి ఇచ్చి, 'దే' అనే సర్వనామంతో మొదలుపెట్టి తర్వాతి వాక్యం పూరించమన్నారు. ఎ ఫ్యూ చదివినవాళ్లు వచ్చినవాళ్ల గురించే కొనసాగించారు. ఫ్యూ చదివినవాళ్లలో ఎక్కువమంది రానివాళ్ల గురించి, ఎందుకు రాలేదన్నదాని గురించి రాశారు. వాక్యంలో ఎక్కడా పేరెత్తని మనుషులు సర్వనామంలోకి వచ్చి కూర్చున్నారన్నమాట. వీళ్లిద్దరూ తర్వాత 1993లో 'కమ్యూనికేటింగ్ క్వాంటిటీస్' అనే పుస్తకం రాశారు. పరిమాణవాచకం ఎంత అన్నది చెప్పడంతో ఆగదని, వినేవారి చూపును ఒక గుంపు మీదికి తిప్పుతుందని ఈ పరిశోధన సారం.

దీన్ని మన కోచింగ్ సెంటర్‌కు అన్వయిస్తే, 'ఎ ఫ్యూ స్టూడెంట్స్ పాస్డ్' అని వింటే పాసైన నలుగురి ఫొటోలు, దండలు మనసులో మెదులుతాయి. 'ఫ్యూ స్టూడెంట్స్ పాస్డ్' అని వింటే ఫెయిలైన వాళ్లంతా గుర్తొస్తారు, పేపరు కఠినంగా వచ్చిందా అన్న ప్రశ్న పుడుతుంది. ఫ్లెక్సీ కట్టేవాళ్లకు ఏది కావాలో వేరే చెప్పక్కర్లేదు.

తెలుగు ఈ పని ఎలా చేస్తుంది

తెలుగుకు ఆర్టికల్స్ లేవు కాబట్టి ఈ తేడా తెలుగులో లేదని చాలా వ్యాకరణ గైడ్లు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. అది తొందరపాటు. తేడా తెలుగులో నిక్షేపంగా ఉంది, ఉండే చోటే వేరు. ఇంగ్లీషు మాట ముందు చేసే పనిని తెలుగు మాట చివర చేస్తుంది.

చైతన్యపురి సందుల్లో ఏ మెస్సులోనైనా రాత్రి పదింటికి వినబడే సంభాషణే దీనికి సాక్ష్యం. ఆలస్యంగా వచ్చిన కుర్రాడు గుమ్మంలో నిలబడి 'అన్నా, అన్నం ఉందా?' అంటాడు. వడ్డించే అతను 'కొంచెం ఉంది తమ్మీ' అంటే చెప్పులు విప్పి లోపలికి రావచ్చు. 'కొంచెమే ఉంది తమ్మీ' అంటే బయట ఇడ్లీ బండి వెతుక్కోవాలి. గిన్నె అడుగున ఉన్న అన్నం ఒకటే. మొదటి మాట ఇంగ్లీషులో 'ఎ లిటిల్', రెండోది 'లిటిల్'. అదే అన్న నల్లగొండ మాటలో 'జరంత ఉంది, కూసో' అనీ, 'జరంతనే ఉంది' అనీ అంటాడు. అక్కడ ఏకారం 'నే' రూపంలో వచ్చింది, పని మాత్రం అదే.

మన వ్యాకరణాలు దీన్ని అవధారణార్థకం అంటాయి. ఒకదాన్ని గట్టిగా పట్టుకుని మిగతావాటిని తోసేసే ఏకారం ఇది. 'కొందరు వచ్చారు' అంటే ఎ ఫ్యూ, 'కొందరే వచ్చారు' అంటే ఫ్యూ. 'కొన్ని దొరికాయి' అంటే ఎ ఫ్యూ, 'కొన్నే దొరికాయి' అంటే ఫ్యూ. ఇంగ్లీషు కొరతను చెప్పడానికి ముందున్న 'ఎ'ని తీసేస్తుంది. తెలుగు కొరతను చెప్పడానికి వెనక 'ఏ' చేరుస్తుంది. ఒకరి తీసివేత మరొకరికి కూడిక. ఈ ఒక్క సంగతి పట్టుబడితే బోర్డు మీది పట్టికలో సగం బట్టీ పట్టనవసరం లేదు. అనువాదం చేసే ముందు ఆ వాక్యాన్ని తెలుగులో గట్టిగా అనుకుని ఏకారం తగులుతుందో లేదో చూస్తే సరిపోతుంది.

తెలుగు ఇంకో మెట్టు ముందుకు కూడా వెళ్తుంది. 'కొందరైనా వచ్చారు' అంటే ఎవరూ రారనుకున్న చోట వచ్చారన్న ఊరట. ఇంగ్లీషుకు దానికోసం 'అట్ లీస్ట్' అరువు కావాలి. ఇక ఆ మూడో వరస 'ది ఫ్యూ' సంగతి. ఉన్నవే తక్కువ, అవి మొత్తం అని దాని భావం. తెలుగులో దీన్ని చివరి దీర్ఘం మోస్తుంది: 'ఉన్న కొన్ని పుస్తకాలూ వానకు తడిసిపోయాయి', 'వచ్చిన కొద్దిమందీ మధ్యలో లేచిపోయారు'. కొన్నే, కొన్ని, ఉన్న కొన్నీ: ఫ్యూ, ఎ ఫ్యూ, ది ఫ్యూ మూడూ ఇక్కడ దొరికాయి, ఒక్క ఆర్టికల్ అక్కర లేకుండానే.

ఇది తెలుగు ఒక్కదాని ఘనత కాదు. తమిళం 'తాన్' చేర్చి ఇదే పని చేస్తుంది. ఉర్దూ, హిందీ 'హీ' వాడతాయి: 'కుఛ్ లోగ్' అంటే కొందరు, 'కుఛ్ హీ లోగ్' అంటే కొందరే. మలక్‌పేట, సైదాబాద్ వైపు దక్కనీ మాట్లాడేవాళ్లు 'హీ'కి బదులు 'చ్' అంటారు. 'ఐసాయిచ్', 'వైసాయిచ్' అన్న మాటల్లో వినబడేది అదే. ఇంగ్లీషు పద్ధతికి చుట్టాలు పడమటి యూరప్‌లో ఉన్నారు. స్పానిష్‌లో 'పోకో' అంటే తక్కువే, 'ఉన్ పోకో' అంటే కొంచెం. ఫ్రెంచిలో 'ప', 'అఁ ప'. జర్మన్‌లో 'వేనిష్', 'ఐన్ వేనిష్'. అందరూ 'ఒకటి' అనే అర్థమున్న చిన్న మాటను ముందు పెట్టి నిరాశను తగ్గిస్తారు. అక్కడ ముందు చేర్పు, ఇక్కడ వెనక చేర్పు.

నీళ్లు ఎన్ని?

ఫ్యూ వాడాలా లిటిల్ వాడాలా అన్నది వేరే చిక్కు. లెక్కకు వచ్చేవాటికి మెనీ, ఫ్యూ. రానివాటికి మచ్, లిటిల్. సూత్రం చూస్తే తెలుగువాళ్లకు ఇది నల్లేరు మీద నడక కావాలి. ఎందుకంటే తెలుగు ఇంగ్లీషు కన్నా ఒక గది ఎక్కువే కట్టుకుంది: మనుషులకు 'ఎందరు', వస్తువులకు 'ఎన్ని', రాశికి 'ఎంత'. ఎందరు, ఎన్ని రెండూ ఇంగ్లీషులో 'మెనీ'లోకి పోతాయి, ఎంత 'మచ్' అవుతుంది.

కానీ ఏ వస్తువు ఏ గదిలో ఉంటుందన్న దగ్గర రెండు భాషలకూ పడదు. తెలుగులో నీళ్లు, పాలు బహువచనాలు. 'నీళ్లు ఉన్నాయి' అంటాం గాని 'నీళ్లు ఉంది' అనం. 'పప్పులో ఎన్ని నీళ్లు పోయాలి?', 'కొన్ని పాలు పొయ్యి' అనేవి ఇళ్లలో రోజూ వినబడే మాటలు. కోస్తా వైపు 'కాసిని మంచినీళ్లు' అంటారు. ఆ అలవాటుతోనే 'మెనీ వాటర్', 'ఫ్యూ మిల్క్' పుడతాయి. వడ్లు బహువచనం, బియ్యం ఏకవచనం. మిల్లులో పొట్టు పోగానే ధాన్యం వచనం మార్చుకుంటుంది. డబ్బు ఎంత, డబ్బులు ఎన్ని, పైసలెన్ని అన్నీ చెల్లుతాయి. ఇంగ్లీషులో 'మనీ'కి మచ్ ఒక్కటే దారి.

దీనికి అటువైపు కూడా ఉంది. తెలుగులో వార్తలు, సలహాలు, సామాన్లు, వెంట్రుకలు నిక్షేపంగా లెక్కకు వస్తాయి. ఇంగ్లీషు 'న్యూస్', 'అడ్వైజ్', 'లగేజ్', 'ఫర్నిచర్', 'ఇన్ఫర్మేషన్' మాత్రం రాశులు. అందుకే 'లగేజెస్', 'ఇన్ఫర్మేషన్స్', 'ఎక్విప్‌మెంట్స్' అనే రూపాలు మన ఆఫీసు ఉత్తరాల్లో తప్పకుండా తగులుతాయి. 'ఎ ఫ్యూ అడ్వైసెస్' అన్నవాడికి 'ఎ' విషయంలో మార్కులు పడినా మిగతా సగంలో పోతాయి.

లిటిల్‌తో ఉన్న మరో తకరారు ఏమిటంటే, దానికి 'చిన్న' అనే అర్థం కూడా ఉంది. 'ఎ లిటిల్ హౌస్' అంటే చిన్న ఇల్లు, 'ఎ లిటిల్ రైస్' అంటే కొంచెం అన్నం. తర్వాత వచ్చే మాటను బట్టి అర్థం తేలుతుంది. డాక్టరు చీటీలో మాత్రం 'ఎ' ఉండటం ముఖ్యం. 'టేక్ ఎ లిటిల్ సాల్ట్' అంటే కాస్త ఉప్పు వేసుకోమని. 'టేక్ లిటిల్ సాల్ట్' అంటే ఉప్పు బాగా తగ్గించమని. బీపీ ఉన్నవారికి ఈ రెండూ ఒకటి కావు.

అరకొర చదువు ప్రమాదం అనే ఇంగ్లీషు సామెత అలెగ్జాండర్ పోప్ 1711లో అచ్చు వేయించిన 'యాన్ ఎస్సే ఆన్ క్రిటిసిజం' అనే పద్యకావ్యం నుంచి వచ్చింది. పోప్ వాడింది 'ఎ లిటిల్'. మన దగ్గర ఉపన్యాసాల్లో, వ్యాసరచన పోటీల్లో తరచూ 'లిటిల్ నాలెడ్జ్' అయిపోతుంది. పోప్ 'ఎ'ని ఊరికే పెట్టలేదు. ఏమీ తెలియనివాడితో ప్రమాదం లేదు. కొంచెం తెలిసి ఆ కొంచెంతోనే నడిచేవాడితోనే. అంటే ఆ కొంచెం ఉండి తీరాలి.

కుదురు, వ్యాకరణం, సభ

ఫ్యూ పాత ఇంగ్లీషు 'ఫేయవె' నుంచి వచ్చింది. దాని ఇండో-యూరోపియన్ కుదురులోనే లాటిన్ 'పౌకుస్', దాని నుంచి స్పానిష్ 'పోకో' పుట్టాయి. సంస్కృత 'పుత్ర' శబ్దాన్నీ కొందరు పండితులు ఈ కుదురుకే చేరుస్తారు (ఈ 'కొందరు' ఎ ఫ్యూయే, ఫ్యూ కాదు). మచ్ సంగతి అంతకన్నా దగ్గర చుట్టరికం: సంస్కృత 'మహా', గ్రీకు 'మెగాస్', ఇంగ్లీషు 'మచ్' ఒకే మూలం నుంచి వచ్చాయి.

భారతీయ విద్యార్థికి ఈ జంటను పరిచయం చేసింది ఎక్కువగా రెన్ అండ్ మార్టిన్ పుస్తకమే. 'హైస్కూల్ ఇంగ్లీష్ గ్రామర్ అండ్ కంపొజిషన్' పేరుతో 1930ల్లో వచ్చిన ఈ పుస్తకాన్ని రాసినవారిలో ఒకరు పి.సి. రెన్. బొంబాయి ప్రెసిడెన్సీలో విద్యాశాఖలో పనిచేసిన ఈయనకు ఇంగ్లండ్‌లో పేరు తెచ్చింది వ్యాకరణం కాదు, ఫ్రెంచి ఫారిన్ లీజియన్ సైనికుల సాహసాలతో 1924లో వచ్చిన 'బో జెస్ట్' నవల. ఫ్యూ వ్యతిరేకార్థం, ఎ ఫ్యూ అస్త్యర్థం, ది ఫ్యూ ఉన్నవన్నీ అంటూ మూడు వరసలుగా చెప్పే పద్ధతి ఈ పుస్తకం చలవతోనే దేశమంతా పాకింది. దిల్‌సుఖ్‌నగర్ బోర్డుల మీద కనబడే పట్టిక దానికి మనవడు.

ది ఫ్యూకి ఒక చారిత్రక గౌరవం కూడా దక్కింది. 1940 ఆగస్టు 20న బ్రిటిష్ కామన్స్ సభలో విన్‌స్టన్ చర్చిల్ జర్మనీ విమానదాడులను ఎదుర్కొంటున్న వైమానికుల గురించి మాట్లాడుతూ మచ్, మెనీ, ఫ్యూ మూడు మాటలనూ ఒకే వాక్యంలో ఇమిడ్చాడు. ఫ్యూ ముందు 'ఎ' లేదు. అంత తక్కువమంది అన్నదే ఆయన చెప్పదలచిన విశేషం. అప్పటి నుంచి ఆ వైమానికులకు బ్రిటన్‌లో 'ది ఫ్యూ' అన్నది బిరుదైంది.

తప్పా, మన వాడుకా?

ఉద్యోగ పరీక్షల్లో ఈ ప్రశ్న 'స్పాటింగ్ ఎర్రర్స్' కింద వస్తుంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ గ్రాడ్యుయేట్ స్థాయి పరీక్ష మొదటి అంచెలో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకు అర మార్కు కోత. వాక్యాన్ని నాలుగు ముక్కలు చేసి ఏ ముక్కలో తప్పుందో పట్టుకోమంటారు. 'ఓన్లీ ఫ్యూ' కనబడితే తప్పు అక్కడే ఉందని చదివినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. లేకపోతే వాక్యంలో మిగతా భాగాన్ని చూడాలి. 'సో హి ఫెల్ట్ లోన్లీ' అని ఉంటే అతనికి ఉన్నది 'ఫ్యూ ఫ్రెండ్స్'. 'హూ హెల్ప్‌డ్ హిమ్' అని ఉంటే 'ఎ ఫ్యూ ఫ్రెండ్స్'.

పరీక్ష హాలు బయట సంగతి ఇంత సూటిగా ఉండదు. భారతీయ ఇంగ్లీషులో 'ఎ' లేని ఫ్యూ 'కొన్ని' అనే అర్థంలో వేళ్లూనుకుంది. తెలుగు, తమిళం, హిందీ ఏ ఇంటిభాష నుంచి వచ్చినా ఆర్టికల్ జారిపోవడం దీనికి ఒక కారణం. పత్రికల శీర్షికలు మరో కారణం. చోటు కోసం శీర్షికల్లో ఆర్టికల్స్ ఎగరగొడతారు కాబట్టి ప్రమాద వార్త శీర్షికలో 'ఫ్యూ' కనబడితే గాయపడింది కొందరా, ఎవరూ పెద్దగా గాయపడలేదా అన్నది వార్త చదివితే గాని తేలదు. జాగ్రత్త ఉన్న ఉపసంపాదకులు అక్కడ 'సమ్' గాని 'సెవరల్' గాని వేస్తారు.

ఈ వాడుక అన్నిచోట్లా ఒకేలా చెడ్డది కాదు. 'గివ్ మి ఫ్యూ మినిట్స్' అంటే ప్రపంచంలో ఎవరైనా సరిగానే అర్థం చేసుకుంటారు. కొరతను ఎవరూ అడిగి తీసుకోరు కాబట్టి అడగడంలోనే అర్థం తేలిపోతుంది. ఇబ్బంది వచ్చేది జరిగినదాన్ని, ఉన్నదాన్ని నివేదించే చోట. ఎల్బీనగర్‌లో కాపురం, హైటెక్ సిటీలో ఉద్యోగం ఉన్న ప్రోగ్రామర్ డాలస్‌లోని క్లయింట్‌కు 'ఐ మేడ్ ఫ్యూ చేంజెస్' అని రాస్తే, కోడ్‌లో పెద్దగా ఏమీ ముట్టుకోలేదని అవతలివారు అనుకుంటారు. 'వి ఫౌండ్ ఫ్యూ బగ్స్' అని రాస్తే అభినందిస్తారు. ఇక కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల తరహా 'ఓన్లీ ఫ్యూ సీట్స్ లెఫ్ట్' వ్యాకరణం ప్రకారం తప్పే. అయితే అందులోంచి 'ఓన్లీ' తీసేస్తే చాలు, 'ఎ' చేర్చనక్కర లేదు. సీట్లు అయిపోతున్నాయని కంగారు పెట్టడమే ఫ్లెక్సీ పని కాబట్టి అక్కడ ఫ్యూనే సరైన మాట. అదే సెంటర్‌లో ఫోన్ ఎత్తే అమ్మాయి మాత్రం 'ఎ ఫ్యూ సీట్స్ ఆర్ స్టిల్ అవైలబుల్' అనాలి. లేకపోతే ఫోన్ చేసినవాళ్లు పక్క వీధికి పోతారు.

ఈ తేడాలను నేర్పే ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి దేశంలో తొలి సంస్థల్లో ఒకటి హైదరాబాద్‌లోనే, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కన ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై, ఇప్పుడు ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ విశ్వవిద్యాలయంగా నడుస్తోంది. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ పట్టుమని పది కిలోమీటర్లు కూడా ఉండదు. రెండు చోట్లా చెప్పే ఇంగ్లీషుకు మధ్య దూరం మాత్రం అంతకన్నా ఎక్కువే: ఒకచోట భాష ఎలా నడుస్తుందో చూస్తారు, మరోచోట అర మార్కు ఎలా పోకుండా కాచుకోవాలో చూస్తారు. ఉద్యోగం కావాల్సిన పిల్లలకు రెండోదే ముందు అవసరం అనడంలో తప్పేమీ లేదు.

ఫ్యూయర్, లెస్

ఫ్యూ తరతమ రూపం 'ఫ్యూయర్', లిటిల్‌ది 'లెస్'. లెక్కకు వచ్చేవాటికి ఫ్యూయర్, రానివాటికి లెస్ అన్నది బడిలో చెప్పే నియమం. తెలుగులో రెండిటికీ 'తక్కువ' ఒకటే: తక్కువ మార్కులు, తక్కువ ఉప్పు. మనుషులైతే 'తక్కువమంది' అని ఒక తోక. అందుకే తెలుగువాళ్లకు ఫ్యూయర్ సహజంగా నోటికి రాదు.

ఇంగ్లీషువాళ్లకూ రాదు, అది వేరే కథ. లెక్కకు వచ్చే వాటికి లెస్ వాడటం తొమ్మిదో శతాబ్దంలో ఆల్ఫ్రెడ్ రాజు రాతల్లోనే ఉంది. 1770లో రాబర్ట్ బేకర్ అనే రచయిత ఇంగ్లీషు భాష మీద రాసిన పుస్తకంలో, సంఖ్యల విషయంలో లెస్ కన్నా ఫ్యూయర్ సొగసుగా ఉంటుందని తన అభిరుచిగా చెప్పాడు. తర్వాతి వ్యాకరణకర్తలు ఆ అభిరుచిని చట్టం చేసేశారు. దూరం, డబ్బు, కాలం దగ్గర ఆ చట్టం ఇప్పటికీ చెల్లదు. ఐదు కిలోమీటర్ల లోపు, వంద రూపాయల లోపు అనడానికి 'లెస్ దాన్' అంటారు గాని 'ఫ్యూయర్ దాన్' అనరు. ఐదు కిలోమీటర్లను ఐదు విడి వస్తువులుగా కాక ఒకే దూరంగా చూడటమే దానికి కారణం. బ్రిటన్‌లో టెస్కో సూపర్‌మార్కెట్లు తక్కువ సరుకులున్నవాళ్ల వరసల దగ్గర 'టెన్ ఐటమ్స్ ఆర్ లెస్' అని పెట్టిన బోర్డులపై భాషాభిమానులు ఏళ్ల తరబడి పోట్లాడారు. 2008లో ఆ సంస్థ ఫ్యూయర్ అనీ అనకుండా లెస్ అనీ అనకుండా, 'అప్ టు టెన్ ఐటమ్స్' అని రాయించి గొడవ వదిలించుకుంది.